స్ట్రెచర్ గది తాళం చెవి ఎవరి దగ్గరుంది? మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. టూరిస్టులు వెళ్లే ఒక కొండ మీద ప్రమాదం జరిగితే కాపాడే ఏర్పాట్లు చేయమని రాస్తున్న నా నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ అర్జీలుగానే ఇచ్చాను, సోమవారాలు లైన్లో నిలబడి, రసీదు చేయించుకుని మరీ. మూడింటికీ ఫోనుకి మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కరించబడినది' అని. నాకు తెలియకుండా అది ఎప్పుడు, ఎక్కడ పరిష్కారమైందో అంతుపట్టక ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

పైన ఏ శాఖ మంత్రి అన్నది రాయలేదు, చూసే ఉంటారు. అడవి అంటే ఒక శాఖ. అడవికి వచ్చిన టూరిస్టు అంటే ఇంకో శాఖ. ఆ టూరిస్టు జారిపడితే మూడో శాఖ. పడ్డవాణ్ణి మోసుకొచ్చింది గిరిజన కుర్రాళ్లు కాబట్టి నాలుగోది కూడా ఉంది. దానికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఆ కొండ మా విశాఖపట్నం జిల్లాలో లేదు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. విశాఖలో అర్జీ ఇస్తే పాడేరు వెళ్లమన్నారు. ఘాట్ రోడ్డు ఎక్కి పాడేరు వెళ్తే "మీరు వైజాగ్ వాళ్లు కదండీ, అక్కడే ఇచ్చుకోవాలి" అన్నారు. అందుకని మీ నలుగురిలో ఎవరు ముందు చదివితే ఈ ఉత్తరం వారికే అనుకోండి.

కొండ పేరు మాత్రం రాయను. అక్కడి ఊరివాళ్లు మాకు ప్రాణం పోశారు, వాళ్ల ఊరికి చెడ్డపేరు తేవడం నాకు ఇష్టం లేదు. మీకు పేరు అక్కర్లేదు కూడా, ఆ కొండకి ప్రకటించిన టూరిజం ప్యాకేజీ ఫైలు మీ దగ్గరే ఉంది. దారి చీలే ప్రతి చోటా బాణం గుర్తు బోర్డు, కొండ కింద మందుల పెట్టె, స్ట్రెచర్, ఊరి కుర్రాళ్లకి ట్రైనింగ్. ప్యాకేజీ ప్రకటించిన రోజు మైకులో చెప్పినవన్నీ నేను ముందు వరసలో కూర్చుని విన్నాను, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత అక్కడ కొత్తగా వచ్చింది ఏమిటంటే, ఊరి పేరు ముందు ఎర్ర హృదయం బొమ్మ పెట్టిన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఫోటోలు దిగడానికి. రాత్రిపూట వాటికి లైట్లు కూడా వెలుగుతాయి. పైన దారిలో మాత్రం ఒక్క బాణం గుర్తు లేదు.

జరిగింది చెబుతాను. పోయినేడాది డిసెంబరులో ఒక ఆదివారం, మేం ఐదుగురం, అందరం యాభై దాటినవాళ్లమే. గోపాలపట్నం నుంచి తెల్లవారుజామున రెండింటికి బయల్దేరి, పైకెక్కి మబ్బుల సముద్రం చూశాం. బ్రహ్మాండంగా ఉంది, అది ఒప్పుకోవాలి. అక్కడితో దిగిపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. వండుకుని, తిని, కాసేపు పడుకుని, మధ్యాహ్నం మా బావమరిది "అటువైపు గెడ్డలోంచి దిగితే జలపాతం ఉందంట బావా" అన్నాడు. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. సరే అన్నాను. తప్పు మాదేనని ఇక్కడే రాసేస్తున్నాను, ఎందుకంటే ఇది చదివి "మిమ్మల్ని ఎవరు వెళ్లమన్నారు" అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఎవరూ వెళ్లమనలేదు. మనిషికి ముప్పై రూపాయలు, కారుకి యాభై తీసుకుని రసీదు ఇచ్చి గేటు మాత్రం ఎత్తారు.

మా సంచుల్లో ఏమున్నాయో కూడా చెబుతాను, నవ్వుకోండి. పులిహోర, చిప్స్ ప్యాకెట్లు, వంటకి తెచ్చిన చిన్న గ్యాస్ స్టవ్వు (దాని లైటరు పైనే మర్చిపోయాం), పాటలు వినడానికి బ్లూటూత్ స్పీకరు. విజిల్ లేదు, అగ్గిపెట్టె లేదు, కప్పుకోడానికి ఒక్క దుప్పటి లేదు. ఇంట్లో చెప్పింది కూడా 'అరకు సైడు వెళ్తున్నాం' అని, అంతే.

పశువులు నడిచిన బాటలు మనుషుల బాటల్లాగే ఉంటాయని ఆ రోజే తెలిసింది. రెండు చోట్ల తప్పాం. నాలుగు దాటాక గెడ్డ దాటుతుంటే మా బావమరిది పాచిరాయి మీద కాలేసి పడ్డాడు. నడుందాకా తడిశాడు. కుడి పాదం ఉండాల్సిన వైపు లేదు. మడమ దగ్గర ఎముక చర్మాన్ని లోపల్నుంచి నెడుతూ తెల్లగా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది, చుట్టూ చర్మం నిగనిగలాడుతోంది. అతను అరవలేదు, "బావా, నా చెప్పు చూడు, కొట్టుకుపోతోంది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

డిసెంబరులో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది కదండీ. కొండ మధ్యలో ఇంకా ముందే. 112 కొట్టాం, ఏ కంపెనీ టవరు అందినా ఆ కాల్ వెళ్తుందంటారు, అక్కడ అసలు ఏ టవరూ అందదు. సిగ్నల్ వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఫోన్లే చచ్చిపోయాయి. మాలో ఒకరు సాయం తెస్తానని ఒక్కడే దిగాడు, అది రెండో తెలివితక్కువ పని, అతను ఇంకో వైపు వెళ్లిపోయి తెల్లారేదాకా చెట్టు కింద కూర్చున్నాడు. ఇక్కడ మా బావమరిది తడిబట్టలతో గడగడా వణుకుతున్నాడు. ఓ గంట తర్వాత వణుకు ఆగింది. హమ్మయ్య, సర్దుకుందిరా అనుకున్నాం. ఏదో మత్తుగా మాట్లాడుతుంటే నిద్రొస్తోందేమో, పడుకోనివ్వండి అన్నాను కూడా. చలికి తడిసిన మనిషికి వణుకు ఆగిపోవడం అంటే ఒంట్లో వేడి బాగా పడిపోయిందని అర్థమట, ఆసుపత్రిలో డాక్టరు గారు చెబితే నా కాళ్లు వణికాయి. తడిబట్ట విప్పేసి, పొడిగుడ్డ చుట్టి, కింద ఆకులు వేసి నేలకి తగలకుండా పడుకోబెట్టాలట. ఈ మూడు ముక్కలూ టికెట్ వెనకాల అచ్చు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది సార్? టికెట్ వెనకాల ఇప్పుడు ఒక రిసార్టు ప్రకటన ఉంది.

మా అరుపులు విని కింద ఊరి నుంచి ఒక తాత, ఐదారుగురు కుర్రాళ్లు వచ్చారు. తాత అన్న మొదటి మాట, "ఏటి బాబూ, అగ్గిపెట్టయినా నేదా?" ఆయన మొలలో పాలిథిన్ కాగితంలో చుట్టి కట్టుకున్న అగ్గిపెట్టె ఉంది. మంచుకి అన్నీ తడిసిపోయి ఉన్నాయి. అయినా ఎండి విరిగి నేలకి తగలకుండా నిలబడి ఉన్న వెదురు చూసి చీల్చి, లోపలి పొడి పీచుతో పది నిమిషాల్లో మంట చేశాడు. తలకి చుట్టుకున్న పెద్ద గుడ్డ విప్పి మా వాడికి చుట్టాడు. వయసులో ఉన్నప్పుడు గిరిజనుల ఇటుకుల పండక్కి వేటకి వెళ్లేవాడట. అప్పుడు వేటకి ఒంటరిగా ఎవరూ వెళ్లరట, ఏ కొండకి పోతున్నామో ఇంట్లో ఆడవాళ్లకి చెప్పే బయల్దేరాలట, దారి చీలిన ప్రతి చోటా కొమ్మ విరిచి వచ్చిన వైపుకి తిప్పి పెట్టాలట. ఆనపకాయ బుర్రలో చోడి (రాగి) అంబలి, నడుముకి కత్తి, ఈ తలగుడ్డ. తలగుడ్డే దుప్పటి, అదే తాడు, అదే కట్టు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చి వేట నేరమైంది, మంచిదే, జంతువులు బతకాలి. కానీ వేటకాడు అడవిలోకి తీసుకెళ్లే ఆ జాగ్రత్త మాత్రం మీ టూరిజంలో ఎక్కడా లేదు. టికెట్ కొన్న మేం ఆయనకంటే యాభై ఏళ్లు వెనకబడి ఉన్నాం.

ఇక స్ట్రెచర్ కథ. కుర్రాళ్లు రెండు వెదురు బొంగులు కొట్టి దుప్పటితో డోలీ కడుతుంటే నేనే అడిగాను, కింద స్ట్రెచర్ పెట్టారు కదా అని. "ఉంది బాబూ, గదిలోనుంది. గదికి తాళముంది" అన్నారు. తాళం చెవి? "సారు దగ్గరుంది." సారు ఎక్కడ? "సారు పోయిన నెల ట్రాన్స్‌ఫరు మీద ఎల్లిపోనారు." మూడున్నర గంటలు డోలీ మోశారు, భుజాలు మార్చుకుంటూ, ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా. ప్రతి కుదుపుకీ మా బావమరిది పళ్లు కొరుక్కునే చప్పుడు నాకు వినిపించేది. రోడ్డుకి చేరి, 108 వచ్చేలోపు నేను ఆ గది కిటికీలోంచి చూశాను. ఉంది సార్. నారింజ రంగు స్ట్రెచర్, బెల్టులున్నది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. గోడ మీద శిలాఫలకం మాత్రం శుభ్రంగా తుడిచి ఉంది.

అడవిలో స్ట్రెచర్ అంటే కాలు విరిగినవాడికే కాదు. పాము కరిచినవాడు అడుగు తీసి అడుగు వేయకూడదు, కదిలించకుండా మోసుకెళ్లాలి. మన ఏజెన్సీలో కట్లపాము ఉంది, రక్తపింజరి ఉంది, నాగు ఉంది, గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంది. మన ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు నాలుగు రకాల పాములకే చేసింది, గిరినాగు అందులో లేదు. అక్కడ బోర్డు మాత్రం 'పాములున్నవి జాగ్రత్త' అని. ఏం జాగ్రత్త తీసుకోవాలో పాముకే తెలియాలి.

మా మేనల్లుడు అమెరికాలో కొలరాడోలో ఉంటాడు, అక్కడ చట్టప్రకారం ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడతారు. వాడు లైసెన్సుకి వెళ్తే ముందు వేట భద్రత క్లాసు పాసై కార్డు చూపించమన్నారట. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అదే రూలట. తుపాకీతో పెద్ద జంతువుల వేటకి వెళ్తే దూరానికి కనిపించే నారింజ రంగో గులాబీ రంగో బట్ట పైన వేసుకోవాల్సిందే. నాకు నచ్చింది ఇంకోటుంది. లైసెన్సు డబ్బుల్లోంచి 25 సెంట్లు, మన లెక్కలో ఒక టీ ఖర్చు, తప్పిపోయినవాళ్లని వెతికే ఫండ్‌కి వెళ్తాయట. టికెట్ కొన్నవాడి దగ్గర తీసుకున్న పావలాతో టికెట్ కొన్నవాణ్ణే వెతుకుతారు. మా ముప్పై రూపాయల్లోంచి మాకెంత వచ్చింది? వాడు శాటిలైట్‌తో సాయం పిలిచే చిన్న పరికరం పంపిస్తానన్నాడు కూడా. మన దేశంలో అనుమతి లేకుండా అది వాడటం నేరం, ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. దేశభద్రత కదా, సరే, నేను వాదించను. శాటిలైట్ వద్దు, విజిల్ ఇవ్వండి. పది రూపాయల ప్లాస్టిక్ విజిల్, మూడుసార్లు ఊదితే ప్రమాదంలో ఉన్నామని గుర్తు. టికెట్‌తో పాటు ఇచ్చి, దిగాక తిరిగి తీసుకోండి, డిపాజిట్ కూడా తీసుకోండి, అభ్యంతరం లేదు.

చేతకాక కాదని నాకు తెలుసు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, లక్షల మంది జనం, ఒక్క రాత్రి. దారి పొడవునా మంచినీళ్లు, వైద్య శిబిరాలు, అంబులెన్సులు, లైట్లు. చేయాలనుకుంటే చేస్తారు. అప్పన్న స్వామి కొండకి ఉన్న అదృష్టం మిగతా కొండలకి లేదు, అంతే అనుకోమంటారా?

నేను అడిగేవి పెద్దవి కావు. పైకి వెళ్లేవాళ్ల పేరు, ఫోను నంబరు, ఎన్నింటికి దిగుతారో ఒక పుస్తకంలో రాయించండి, చీకటి పడ్డాక పుస్తకం చూసి లెక్క తేలకపోతే ఊరివాళ్లకి చెప్పే మనిషిని పెట్టండి. బాణం గుర్తులు పెట్టించండి, రాళ్ల మీద సున్నంతో గీసినా చాలు. మోసిన కుర్రాళ్లకి డబ్బులిస్తానంటే తీసుకోలేదు, వాళ్లకి ఇస్తామన్న ట్రైనింగ్ ఇవ్వండి, ఆ పని వాళ్లకే జీతం మీద ఇవ్వండి, అడవి మీకంటే నాకంటే వాళ్లకే తెలుసు. బాణం గుర్తులు అని మళ్లీ రాస్తున్నాను, మూడు అర్జీల్లోనూ రాశాను, మీకు విసుగొస్తే నాకూ వస్తోంది.

మా బావమరిది కాలికి ప్లేటు వేశారు. చలికాలం వస్తే పాదం లాగుతోందంటాడు, మెట్లెక్కేటప్పుడు పక్కకి తిరిగి ఎక్కుతాడు. అతని కోసం ఇప్పుడు ఏమీ అడగడం లేదు. ఈ ఏడాది చలి మొదలైంది, శనివారం రాత్రి మద్దిలపాలెం దగ్గర చూడండి, కాలేజీ పిల్లలు బైకుల మీద ఇద్దరిద్దరు, ముగ్గురేసి బయల్దేరుతున్నారు, పల్చటి చొక్కాలతో. సంచుల్లో ఏమున్నాయో నాకు తెలుసు. స్పీకరు.

మిగతావన్నీ ఫైలు కదిలినప్పుడు కదులుతాయి, అంతవరకూ ఆగుతాను. ఒక్కటి మాత్రం ఈ వారంలోనే చేయండి. ఆ గది తాళం చెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కుని చెప్పండి. ట్రాన్స్‌ఫరైన సారు పొరపాటున జేబులో వేసుకెళ్లి ఉంటే చిరునామా ఇవ్వండి, బస్సెక్కి నేనే వెళ్లి తెచ్చుకుంటాను. లేదంటే తాళం పగలగొట్టుకోండి అని ఒక కాగితం మీద రాసి పంపండి, సుత్తి మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
రసీదులు మూడూ దాచుకున్న ఒక గోపాలపట్నం వాసి,
విశాఖపట్నం