చేపల గదిలో తేమ సంగతి ముందు చూడండి

సంపాదకులకు,

ఇంట్లో అక్వేరియంల కోసం విడిగా గది పెట్టుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. మా గదిలో బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు, వేలు తగిలితే చాలు సున్నం పొడిపొడిగా రాలిపోయింది. తొట్టెల్లో నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉంటే రాత్రీ పగలూ ఆవిరవుతూనే ఉంటాయి, ఆ ఆవిరి చల్లటి గోడకు తగిలి మళ్లీ నీరవుతుంది. గోడకు థర్మోకోల్ షీట్లు అంటిస్తే చాలనుకుంటారు చాలామంది, కానీ వాటి సందుల్లోంచి తేమ లోపలికి దూరి అక్కడే ఉండిపోతుంది. బయట చలి ఎక్కువైతే షీట్ల మీద, గది వైపు, మందపాటి పాలిథీన్ పరిచి అతుకులన్నీ టేపుతో మూసేయాలి. అన్నిటికంటే ముందు తొట్టెలకు మూతలు పెట్టండి. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా కావాలి, అయితే బయటి గాలి పొడిగా ఉన్నప్పుడే దానివల్ల లాభం.

– ఒక పాఠకుడు