సెల్లార్‌లో ఊట: పంపు కొనేముందు ఇది చూడండి

వాన వెలిసి నాలుగు రోజులైనా సెల్లార్ మూలల్లో నీళ్లు తేలుతున్నాయా? అయితే అవి ర్యాంపు మీంచి దిగినవి కావు, జాలు నీళ్లు, అంటే భూమిలోంచి ఊరేవి. చెరువు నిండితే పక్క కాలనీల్లో భూమిలో నీళ్లు పైకి లేస్తయి. లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ దండగ. వెనక నుంచి నీళ్లు తోస్తుంటే బుడగలొచ్చి పొరలుగా ఊడుతది.

గోడ వెంట అడుగు లోతు కాలువ తీయించండి, పిల్లర్ పునాది జోలికి మాత్రం పోవద్దు. 4 అంగుళాల చిల్లుల పీవీసీ పైపు, చిల్లులు కిందికి, వంద అడుగులకు అడుగు వాలు. చుట్టూ 20 ఎంఎం కడిగిన కంకర, అంతటికీ జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లు దిగనిచ్చి మన్ను ఆపేది). మేస్త్రీలు ఎగ్గొట్టేది ఈ బట్టనే. అది లేకుంటే రేగడి మన్ను కంకరలోకి దిగి పైపు పూడిపోతది.

పైపు చివర నీళ్లు చేరే గుంత 3 అడుగుల లోతు, పంపు అందులోనే. బోరు మోటర్ వద్దు, మురికినీటి సబ్‌మర్సిబుల్ కావాలి. పైన డెలివరీ పైపుకు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రానియ్యని వాల్వ్) తప్పనిసరి, లేకుంటే పైపులో నీళ్లు మళ్లీ గుంతలోకే. పంపుకీ ఎన్‌ఆర్‌వీకీ మధ్య పైపుకు 3 ఎంఎం చిల్లు వేయండి, పంపులో గాలి చిక్కదు. నీటి మట్టాన్ని బట్టి పంపును ఆన్, ఆఫ్ చేసే ఫ్లోట్ వైరు గోడకు చిక్కుకుంటే పంపు కాలిపోవచ్చు. బకెట్లతో నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తుందో, దిగుతుందో చూడండి.

గట్టి వానకే కరెంట్ పోతది, కాబట్టి రెండో పంపు జనరేటర్ లైన్ మీద, దాని ఫ్లోట్ మొదటి పంపు ఫ్లోట్ కన్నా అర అడుగు పైన. ఇదివరకు పెద్ద వానకు మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో డెలివరీ పైపు మూతి అంతకన్నా పైన, వాన మోరీలోకే. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి వదిలితే గ్రౌండ్‌ఫ్లోర్ బాత్రూంలలోంచి పైకి తంతది.