తాతయ్యా, అవి మన గిత్తలేనా అంటే

విక్టోరియా, టెక్సస్
12 అక్టోబర్ 2025

తాతయ్యా,

నేను పంపిన ఫొటో అమ్మ ఫోన్‌లో చూసి "ఇది మన గిత్తే కదే, అంత దూరం ఎట్లా పోయింది?" అన్నావట. ఫోన్‌లో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగంలో అమ్మ వ్యాఖ్యానం కలుస్తుంది. అందుకే రాస్తున్నాను. మామయ్య చేత చదివించుకో.

అది పూర్తిగా మనది కాదు, అలాగని పరాయిదీ కాదు. ఇక్కడ దాన్ని బ్రాహ్మన్ అంటారు. మన ఒంగోలు, గుజరాత్ వైపు కాంక్రేజ్, గిర్, కృష్ణా వ్యాలీ పశువుల రక్తం కలిపి వీళ్లు తయారుచేసుకున్న జాతి. మూపురం, గంగడోలు చూస్తే మనదే అనిపిస్తుంది. చెవులు మాత్రం వేలాడుతున్నాయి చూడు, అది గిర్ పోలిక. నడకలో మన గిత్తకున్న దర్జా లేదు. ఉండాల్సిన పనీ లేదు, వీటిని పెంచేది బండ లాగడానికి కాదు, మాంసానికి. ఆ మాట నీకు నచ్చదని తెలుసు. కానీ నా ఉద్యోగమే దాణా కంపెనీ తరఫున రాంచ్‌లు, అంటే మందలు పెంచే పెద్ద పొలాలు, తిరగడం కాబట్టి, అది దాచి మిగతాది చెప్పలేను.

ఇవి ఇక్కడికి రావడానికి అసలు కారణం పశువుల ఒంటిని పట్టి రక్తం పీల్చే పిడుదులు. నిజంగానే.

ఈ నేల ఒకప్పుడు కరంకవా అనే ఆదివాసులది. తర్వాత స్పెయిన్ మిషనరీలు వచ్చి పక్కనే ఉన్న గోలియాడ్‌లో పెద్ద పెద్ద మందలు పెంచారు. 1850లు దాటేసరికి కరంకవాలు దాదాపు కనుమరుగైపోయారు, స్పెయిన్‌వాళ్లు తెచ్చిన పశువుల సంతతి మాత్రం అడవిపాలై లక్షల్లో పెరిగింది. బారెడు కొమ్ముల లాంగ్‌హార్న్‌లు అవే. 1865లో ఇక్కడి అంతర్యుద్ధం ముగిసేనాటికి టెక్సస్‌లో పశువు ధర నాలుగు డాలర్లు ఉంటే, ఉత్తరాది నగరాల్లో నలభై పలికేది. 1867లో కాన్సస్‌లోని అబిలీన్ అనే ఊళ్లో రైలు కట్ట పక్కన పశువుల దొడ్లు కట్టారు. ఇంక చూడు, రెండు మూడు వేల పశువుల మంద, గుర్రాల మీద పది పన్నెండు మంది, నెలల తరబడి ప్రయాణం. సినిమాల్లో చూపించే కౌబాయ్‌ల కథ ఇదే. వాళ్లలో మెక్సికన్లు, నల్లవాళ్లు ఎంతోమంది ఉండేవారని మాత్రం ఆ సినిమాలు చెప్పవు.

ఆ మందలు దారిలో మేసిన చోటల్లా, కొన్ని వారాలకు ఆ ఊరి పశువులు జ్వరమొచ్చి, ఎర్రగా మూత్రం పోసి చచ్చిపోయేవి. మనవాళ్లు రక్తమూత్రం అంటారే, అదే. లాంగ్‌హార్న్‌కి మాత్రం ఏమీ కాదు, చిన్నప్పటి నుంచీ తట్టుకుని ఉంటుంది. మిస్సోరి, కాన్సస్ రైతులు తుపాకులతో ఎదురు నిలబడి మందల్ని వెనక్కి తోలారు. అది పిడుదు మోసుకొచ్చే జబ్బని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో రుజువులతో ప్రకటించారు. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని పట్టుకోవడానికి నాలుగేళ్ల ముందు మాట.

మాకు దగ్గర్లో అప్పట్లో షాంఘై పియర్స్ అని పెద్ద ఆసామి ఉండేవాడు. బతికుండగానే తన విగ్రహం తనే చెక్కించుకున్న మనిషి! మూపురం ఉన్న పశువుకి పిడుదులు పట్టవని ఆయనకి గట్టి నమ్మకం. ఆ మాట చాలావరకు నిజమే. బిగువైన చర్మం, పొట్టి వెంట్రుకలు, ఒంటి మీద ఈగ వాలితే తోలు జలదరింపచేసే అలవాటు, ఇవన్నీ నీకు నేను చెప్పాలా? ఆయన 1900లో పోయాడు. ఆ తర్వాత 1906లో ఆయన రాంచ్ వాళ్లు మన దేశం వచ్చి పశువులు కొని ఓడెక్కించారు. న్యూయార్క్ దగ్గర క్వారంటైన్‌లో ఉండగా సర్రా జబ్బు బయటపడి కొన్ని పోయాయి. చివరికి టెక్సస్ చేరినవి 30 గిత్తలు, 3 ఆవులు.

మన ఒంగోలు రక్తానికి ఇంకో దారి కూడా ఉంది. అది బ్రెజిల్ చుట్టు తిరిగి కూడా వచ్చింది. అక్కడ దాన్ని నెలోర్ అంటారని నీకు తెలుసు, కరవది గిత్త 1960ల్లో బ్రెజిల్ వెళ్లిన కథ నువ్వే కదా చెప్పేవాడివి. కానీ దానికి చాలా ముందే, 1920ల్లో, బ్రెజిల్ నుంచి మెక్సికో మీదుగా టెక్సస్‌కి దిగిన మందల్లో మన రకం కూడా ఉంది. కాబట్టి ఫొటోలోది నీకు మనవడి వరస కాకపోయినా దూరపు చుట్టమే.

పిడుదుల మీద ప్రభుత్వం 1906లో యుద్ధం మొదలుపెట్టింది. ఆర్సెనిక్ కలిపిన నీళ్ల తొట్టెల్లో ప్రతి పశువునీ ముంచి తీయాలి. కోపంతో ఆ తొట్టెల్ని డైనమైట్ పెట్టి పేల్చిన రైతులు కూడా ఉన్నారు. 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప దేశమంతా పిడుదు పోయింది. ఆ పట్టీలో ఇప్పటికీ ప్రభుత్వ ఉద్యోగులు గుర్రాల మీద తిరుగుతూ, నది దాటి వచ్చిన పశువుల్ని పట్టుకుంటారు. మోటారు వెళ్లలేని ముళ్ల పొదల్లో ఇంకో దారి లేదు.

ఇప్పుడు ఇక్కడ అందరికీ టెన్షన్ పెడుతున్నది పిడుదు కాదు, ఈగ. స్క్రూవార్మ్ అంటారు. పచ్చి పుండు మీదో, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు మీదో గుడ్లు పెడుతుంది. మామూలు పురుగులు కుళ్లిన కండ తింటాయి, ఇవి బతికున్న కండ తొలుచుకుంటూ పోతాయి. పట్టించుకోకపోతే పెద్ద పశువు కూడా వారం పది రోజుల్లో పోతుంది. దీన్ని వదిలించిన తీరు వింటే నవ్వుతావు. ఆడ ఈగ జన్మలో ఒక్కసారే జతకడుతుందని నిప్లింగ్, బుష్‌లాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గమనించారు. కోట్లకొద్దీ ఈగల్ని ఫ్యాక్టరీలో పెంచి, రేడియేషన్‌తో మగవాటిని గొడ్డువి చేసి, విమానాల్లోంచి వదిలారు. వాటితో జతకట్టిన ఆడ ఈగ గుడ్లు పొదగవు. 1966లో అమెరికాలో స్క్రూవార్మ్ లేదని ప్రకటించారు. తర్వాత కొన్నిసార్లు తిరగబెట్టినా, మెల్లగా దాన్ని పనామా దాకా తరిమి అక్కడ కాపలా పెట్టారు.

ఆ కాపలా 2023లో తెగింది. పోయిన నవంబరులో మెక్సికో దక్షిణాన కనపడింది. పోయిన నెల సరిహద్దుకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మెక్సికోలోని సబీనాస్ ఇదాల్గో అనే ఊరి దగ్గర బయటపడింది. మెక్సికో నుంచి ఏటా పది లక్షలకు పైగా దూడలు వచ్చేవి, ఇప్పుడు సరిహద్దు మూసేశారు. అసలే కరువుల దెబ్బకి ఇక్కడి మందలు తగ్గిపోయి ఉన్నాయి. ఈ జనవరి లెక్కల్లో దేశం మొత్తం మీద 8 కోట్ల 67 లక్షల పశువులే, 1951 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేవు. దూడల ధర ఆకాశంలో ఉంది. రైతుకి సంతోషంగా ఉండాలి కదా? అమ్మితే డబ్బు, కానీ ఆడదూడని అమ్మేస్తే రేపటికి మంద ఉండదు, ఉంచుకుంటే ఈగ భయం. వారానికి 30 కోట్ల ఈగల్ని పెంచే ఫ్యాక్టరీ ఇక్కడే సరిహద్దు దగ్గర కడతామని ఆగస్టులో ప్రకటించారు. కట్టేదాకా ఈగ ఆగుతుందా అనేది నా అనుమానం.

నాకు ఈగ కంటే భయం వేసేది ఇంకొకటి. ఒకప్పుడు ప్రతి రాంచ్‌లో రోజూ గుర్రం మీద వెళ్లి ప్రతి దూడనీ పట్టి బొడ్డు చూసే మనుషులుండేవారు. ఇప్పుడు వందల ఎకరాలకి ఒక మొగుడూ పెళ్లాం, ఒక ట్రక్కు. సైరన్ మోగిస్తే పశువులు దాణా కోసం పరిగెత్తుకొస్తాయి, అప్పుడే లెక్కపెట్టుకోవడం. నేను వెళ్లే ఒక రాంచ్‌లో ఎనభై దాటిన పెద్దాయన ఉన్నాడు. చిన్నప్పుడు స్మియర్ 62 అనే నల్లటి మందు కుంచెతో పుండ్లకి పూసిన మనిషి. పుండు వాసన చూసి పురుగు పడిందో లేదో చెప్పేవాడట. కొడుక్కి ఆ వాసనే తెలియదు. కొమ్ములు తీయడం, చెవికి ట్యాగులు కొట్టడం, కోడెలకి విత్తులు కొట్టడం చలికాలానికి వాయిదా వేసుకోమని నేను అందరికీ చెబుతున్నాను, చలికి ఈగ తగ్గుతుంది కాబట్టి.

నీ గురించి చెబితే ఆ పెద్దాయన ఒకటి అడగమన్నాడు. మన దగ్గర పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి కట్టేవాళ్లు కదా, ఎన్ని రోజులు కట్టేవాళ్లు, గుడ్డ ఎప్పుడు మార్చేవాళ్లు? దాన్ని నమ్ముకోమని నేను చెప్పనులే, వినాలని ఆయన సరదా. మామయ్య చేత రాయించి ఫొటో తీయించి పంపు. అట్లాగే చిన్న గిత్త రెండు పళ్లకి వచ్చిందా, సంక్రాంతి పోటీకి దింపుతున్నారా, దాని జత ఎవరిదో కూడా రాయించు.

నీ మనవరాలు