తూరుపు గాలి, సగ్గుబియ్యం వడియాలు

అరోరా, కొలరాడో
మే 24, 2022

ఒరేయ్ శీనూ,

శనివారం నేను వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూసి "మేమిక్కడ ఉడికి చస్తుంటే జనవరి ఫోటోలు పెట్టి ఏడిపిస్తావేంట్రా" అని తిట్టావు. అది జనవరిది కాదురా, ఆ పొద్దున ఏడింటికి తీసిందే. అందులో వరసగా తెల్లటి దిబ్బల్లా కనిపించేవి సమాధులు కావు, మా టమాటా మడులు. వాటి మీద కప్పినవి అమ్మ నేతచీరలు. రెండు లైన్ల మెసేజీలో చెబితే నువ్వు నమ్మవు. ఫోన్ చేద్దామంటే నేను తీరిక చేసుకునేసరికి నీకు అర్ధరాత్రి. అందుకే ఉత్తరం. కాఫీ పెట్టుకుని చదువు, పొడుగ్గానే ఉంటుంది.

అమ్మ ఏప్రిల్ ఆఖర్లో వచ్చిందని తెలుసుగా. బందరు ఎండలు తప్పించుకోవడానికే వచ్చింది, వచ్చిన రెండో రోజు నుంచీ "ఇక్కడ ఎండ బాగుందిరా" అని మురిసిపోవడం. గురువారం, అంటే 19న, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో తొంభైకి దగ్గరగా వెళ్ళింది. మన లెక్కలో 31. నీకది ఎండే కాదు, ఒప్పుకుంటా. కానీ మేముండేది సముద్రమట్టానికి ఐదు వేల అడుగులకి పైనే. గాలిలో తేమన్నది ఉండదు, ఎండ చురుక్కుమంటుంది, తడిబట్ట ఆరేస్తే గంటలో గలగల్లాడుతుంది. ఇలాంటి ఎండని ఊరికే పోనిస్తారా అని అమ్మ పొద్దున్నే సగ్గుబియ్యం ఉడకబెట్టి, డెక్ మీద, అదే ఇంటికి ఆనుకున్న చెక్క అరుగు మీద, నాన్న పాత పంచె పరిచి వడియాలు పెట్టేసింది. సాయంత్రానికి పైపొర గట్టిపడింది. "ఇంకొక్క ఎండ తగిలితే డబ్బాలో పోసెయ్యొచ్చు" అంది.

నేను ఫోన్ చూసి "రేపు స్నో అటమ్మా" అన్నాను. నవ్వింది. "కృత్తిక కార్తెలో మంచేమిట్రా, ఆ ఫోనుకి వడదెబ్బ తగిలినట్టుంది, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు."

నిజానికి నేనూ నమ్మలేదు. ఇక్కడ తోటపని చేసేవాళ్ళందరికీ ఒక లెక్క ఉంది: మదర్స్ డే దాటేదాకా టమాటా నారు నేలలో పెట్టకూడదు. అది ఈ ఏడాది మే 8న వచ్చింది. దాటాక ఇంకో వారం ఆగి మరీ నాటాను. ఎనిమిది టమాటా, నాలుగు వంగ, ఒక సాలు బెండ, గోంగూర. గోంగూర రెండంగుళాలు మొలిచింది కూడా.

శుక్రవారం పొద్దున లేచేసరికి చల్లగా, మబ్బుగా ఉంది. పదకొండింటికి అమ్మ డెక్ మీదికెళ్ళి, ముఖం పైకెత్తి నిలబడి, లోపలికొచ్చి "తూరుపు గాలి తిరిగిందిరా, వాన తప్పదు, వడియాలు లోపల పెట్టు" అని చెప్పి స్నానానికెళ్ళింది. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉన్నాను. "ఊఁ" అన్నాను. అదే నేను చేసిన పాపం. ఆ తర్వాత జరిగినదానికి ఆకాశం ఎంత బాధ్యురాలో నేనూ అంతే.

ఫోన్‌ని నమ్మని మనిషి గాలిని నమ్మింది చూశావా! బందరులో తూరుపు గాలి అంటే సముద్రం మీంచి వచ్చే వాన. ఇక్కడ సముద్రం లేదు, దగ్గరి తీరానికి వెళ్ళాలన్నా రోజంతా కారు నడపాలి. అయినా లెక్క అదేరా! మా ఊరికి పడమటన రాకీ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. తూరుపు నుంచి గాలి తోసుకొచ్చిందంటే, ఎక్కడో మెక్సికో సింధుశాఖ నుంచి పైకొచ్చిన తేమంతా ఆ గోడని ఎక్కాలి. ఎక్కుతూ చల్లబడి కురుస్తుంది. పడమటి కనుమలకి నైరుతి గాలి తగిలి కొంకణంలో కుంభవృష్టి కురిసినట్టే. టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు దీన్ని అప్‌స్లోప్ అంటారు. వారం రోజులుగా వాళ్ళు గ్రాఫులు వేసి మరీ చెప్తున్నదాన్ని అమ్మ డెక్ మీద అర నిమిషం నిలబడి చెప్పేసింది. మంచు సంగతి ఒక్కటీ మినహాయించి.

మధ్యాహ్నం వాన మొదలైంది. చలి పెరుగుతూ పోయింది. సాయంత్రానికి చినుకుల్లో ఏదో తేడా. అమ్మ కిటికీ దగ్గర నిలబడి "ఒరేయ్, ఎవరో దూది ఏకుతున్నట్టుందిరా" అంది. ఒకటిన్నర రోజులో మన లెక్కలో ముప్ఫై డిగ్రీలు దిగింది.

నీకు లంబసింగి గుర్తుందా? డిగ్రీ ఆఖరి సంవత్సరం డిసెంబర్లో, "ఆంధ్రాలో మంచు పడుతుందట" అని ఎవడో చెబితే రాత్రంతా జీపులో కూర్చుని వెళ్ళాం. తెల్లారాక చూస్తే తెల్లటి పొగ, ఎదుటి మనిషి కనపడడు, గడ్డి మీద చెమ్మ. "మంచేదిరా?" అని నువ్వు టీకొట్టు తాతని అడిగితే ఆయన చుట్టూ చెయ్యి తిప్పి "ఇదే కదా బాబూ" అన్నాడు. తప్పు ఆయనది కాదు. మనకి గడ్డి మీద పడినా మంచే, కళ్ళకి అడ్డం వచ్చినా మంచే, గడ్డకట్టినా మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. ఇక్కడికొచ్చిన మనవాళ్ళందరూ "స్నో పడింది" అనేది స్టైలుకి కాదు, గతిలేక. శుక్రవారం రాత్రికి అమ్మ కూడా "స్నో" అనడం మొదలుపెట్టింది. "మంచు" అంటే ఇంత బరువు ఉన్నట్టు అనిపించడం లేదట.

ఆ బరువు సంగతే చెప్పాలి నీకు. ఏడింటికి పక్కింటి పెద్దాయన తలుపు కొట్టాడు. డెబ్బై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఇక్కడే. చేతిలో పొడుగు కర్ర చీపురు. "మొక్కలు కప్పావా?" అన్నాడు. ప్లాస్టిక్ పట్టా వెతుకుతుంటే వద్దన్నాడు. ప్లాస్టిక్ ఆకుకి తగిలితే ఆ తగిలిన చోటే చలికి మాడిపోతుందట, బట్ట అయితే మంచిదట. నేల పగలంతా తాగిన వేడి రాత్రి మెల్లగా వదులుతుంది, బట్ట దాన్ని పైకి పోకుండా పట్టుకుంటుంది. ఆయన మాట అమ్మకి తెలుగులో చెప్పాను. మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి సూట్‌కేసులోంచి నాలుగు నేతచీరలు పట్టుకొచ్చింది. నేను దుప్పట్లు ఉన్నాయంటే "దుప్పటి తడిస్తే బరువెక్కి మొక్కల్ని చంపుతుంది, చీర పల్చన" అంది. కుర్చీలు బోర్లించి, వాటి మీదుగా చీరలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. పెద్దాయన చీర జరీ పట్టుకుని చూసి "మొక్కలకి పెళ్ళా?" అన్నాడు. అనువదించాను. అమ్మకి ఆయన ఆ క్షణం నుంచీ నచ్చేశాడు.

తర్వాత చెట్టు. మా ముందువాకిట్లో మేపుల్ చెట్టు ఉంది చూడు, నిండా చిగిర్చి ఉంది. డిసెంబర్లో స్నో పడితే కొమ్మలు మోడుగా ఉంటాయి కాబట్టి సందుల్లోంచి కిందికి జారిపోతుంది. పైగా అప్పటి స్నో పొడి పొడిగా, పిండిలా ఉంటుంది. మేలో పడేది తడి స్నో. ప్రతి ఆకూ ఒక విస్తరి, వడ్డించింది వడ్డించినట్టు పట్టుకుంటుంది. నేను డెక్ రెయిలింగు మీద స్కేలు పెట్టి కొలిస్తే ఐదంగుళాలు తేలింది. ఇంత తడిది ఐదారంగుళాలు కరిగితే అంగుళం నీళ్ళు అవుతుంది. అంగుళం నీళ్ళంటే చదరపు మీటరుకి పాతిక కిలోలు. అంటే చెట్టు తల మీద మీటరుకొకటి చొప్పున సోనామసూరి బస్తాలు పేర్చినట్టు. ఏ కొమ్మ ఆగుతుంది?

అమ్మ నా చేతిలోంచి చీపురు లాక్కుని చింతచెట్టు దులిపినట్టు బాదబోయింది. పెద్దాయన "నో నో" అంటూ పరిగెత్తుకొచ్చాడు. బరువుకి వంగిన కొమ్మ మీద పైనుంచి కొడితే విరుగుతుంది, కిందనుంచి చీపురు ఆనించి మెల్లగా పైకి లేపి వదలాలట. అలా రాత్రి పదకొండు దాకా, అమ్మ టార్చి పట్టుకుంటే నేను లేపడం, లేపిన ప్రతిసారీ గంపెడు మంచు నా మెడలోంచి వీపు మీదికి. మా చెట్టు ఒక కొమ్మతో బయటపడింది. వీధి చివర చెట్లకి ఆ అదృష్టం లేదు. రాత్రంతా ఉండుండి ఫెళ్ళుమని శబ్దం, దీపావళి రాత్రి పెద్ద టపాసు పేలినట్టు. ప్రతి చప్పుడుకీ అమ్మ "అయ్యో, ఇంకోటి" అంటూనే ఉంది.

విరిగిన కొమ్మలు తీగల మీద పడ్డాయి, కరెంటు పోయింది. రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు కనెక్షన్లు పోయాయని తర్వాత వార్తల్లో చెప్పారు. మాకు రాత్రి రెండింటికి పోయి మర్నాడు మూడింటికి వచ్చింది. కంపెనీవాళ్ళు గంటగంటకీ "ఇంకో రెండు గంటల్లో" అని మెసేజ్ పెట్టడం మాత్రం మానలేదు. ఆ సంతోషం నీకు కొత్తేమీ కాదు. ఇల్లు వేడిచేసేది గ్యాసే అయినా ఆ గాలి తిప్పే ఫ్యాన్‌కి కరెంటు కావాలి. దేవుడి దగ్గర అగ్గిపెట్టె తెచ్చి స్టవ్ వెలిగించి కాఫీ పెట్టింది అమ్మ. ఫ్రిజ్ ఆగిపోయిందని నేను టెన్షన్ పడుతుంటే పాలు, పెరుగు, ఇడ్లీపిండి తీసుకెళ్ళి డెక్ మీద స్నోలో పాతిపెట్టింది. "ఊరంతా ఫ్రిజ్ అయితే నీకు ఫ్రిజ్ ఎందుకు?"

అలా పాతిపెట్టడానికి వెళ్ళినప్పుడే కనిపించాయి వడియాలు.

వానకి తడిసి మళ్ళీ జావయిపోయి, ఆ జావ మీద స్నో పడి, అంతా కలిసి పంచెతో సహా గడ్డకట్టి ఉంది. ఎత్తితే పంచె అప్పడంలా ఒకే ముక్కగా లేచింది. నేను తల దించుకుని నిలబడ్డాను. అమ్మ చాలాసేపు చూసి, "పోన్లే, కాస్త బెల్లం వేస్తే పాయసం" అని ఊరుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ మేలో స్నో అసలు పడదని కాదు. మా పక్కనున్న డెన్వర్‌లో 1951లో జూన్ 3న కూడా పడిందట, రికార్డుల్లో ఉంది. సగటున ఏప్రిల్ ఆఖరుకి అయిపోతుంది, అంతే. ఇంకో సంగతి: ఇక్కడ ఎక్కువ స్నో పడే నెల మార్చి, డిసెంబర్ కాదు. చిత్రమేమిటంటే ఈసారి మొదటి స్నో డిసెంబర్ 10 దాకా పడనే లేదు. 1880ల నుంచి లెక్కలు రాస్తున్నారు, అంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు. ఆ ఎండిపోయిన గడ్డికే డిసెంబర్ 30న బౌల్డర్ పక్కన నిప్పంటుకుని, పెనుగాలికి ఒక్క పూటలో వెయ్యికి పైగా ఇళ్ళు తగలబడ్డాయి. మర్నాడు స్నో పడింది. ఒక్కరోజు ముందు పడితే ఏం పోయేదని ఇప్పటికీ అనుకుంటాం. అందుకే నేను మొక్కల గురించి ఏడుస్తుంటే పెద్దాయన "తిట్టకు, గోధుమ రైతులు ఇవాళ పండగ చేసుకుంటారు" అన్నాడు.

ఆయన తాతలు జర్మనీ నుంచి వచ్చారట. వాళ్ళ ఊళ్ళలో మే 11 నుంచి 15 దాకా మంచు సాధువుల రోజులని ఉంటాయట. ఆ సాధువులు వెళ్ళేదాకా నారు బయట పెట్టరు. ఆఖరి రోజు పేరు చలి సోఫీ. అమ్మకి ఇది తెగ నచ్చింది. "మన కార్తెల్లాగే అన్నమాట! మరి ఈ సోఫీ ఐదు రోజులు ఆలస్యంగా వచ్చిందేం?" అని అడిగింది. ఆయన భుజాలు ఎగరేశాడు.

లెక్క చెప్పాలంటే టమాటా ఆరు బతికాయి, వంగ మూడు. బెండ, గోంగూర మాత్రం వేణ్ణీళ్ళు పోసినట్టు నల్లబడి వాలిపోయాయి. చీరలు ఉతికి ఆరేసింది. ఒకటి పెద్దాయన భార్యకి ఇచ్చేసింది, ఆవిడ దాన్ని కిటికీకి కట్టింది.

నీ సంగతి రాయలేదు. అసని తుఫాను మనవైపే తీరం దాటిందని విని నాలుగు రోజులు నిద్రపట్టలేదు. దాళ్వా ధాన్యం కళ్ళాల్లో తడిసిందన్నావు, ఎంత పోయింది? అమ్ముకోగలిగారా? ఆ తుఫానుకి శ్రీకాకుళం వైపు సున్నాపల్లి రేవుకి కొట్టుకొచ్చిన ఆ బంగారు రంగు రథం వీడియో అమ్మకి చూపించాను, పెద్దాయనకీ చూపించమంది, చూపించాను. మేలో మీకు తుఫాను, మాకు స్నో. రేపటి నుంచి రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. ఇక్కడ రోలు లేదు గానీ డెక్ ఉంది. అమ్మ ఈ పొద్దున మళ్ళీ సగ్గుబియ్యం నానబోసింది. నా ఇయర్‌ఫోన్లు దాచేసింది.

నీ
రాముడు

తా.క. మీ దొడ్లో గాలికి రాలిన మామిడికాయలతో పిన్ని ఆవకాయ పెట్టబోతోందన్నావుగా, వద్దని అమ్మ గట్టిగా చెప్పమంది. దెబ్బ తగిలిన కాయ ఆవకాయకి నిలవుండదు, మాగాయ పెట్టమంది. ఎండ లేకపోతే ఒరుగులు ఎలా ఎండుతాయంటే, కొలరాడో పంపమంది.