గునుగు ముచ్చట

యాదగిరీ,

బాగున్నవా? అమ్మ, పిల్లలు మంచిగున్నరా? ఇంటెనుక ఖాళీ జాగల గునుగు పెడ్త, బతుకమ్మకు ఇంటి పువ్వే కావాలె అని రాసినవ్. మస్తు సంతోషమైంది. ఆనలు పడంగనే చెల్కల తనంతట తనే మొలిచే చెట్టును పనిగట్టుకొని పెంచుడేంది అని ఎవరన్న అంటె పట్టించుకోకు. పత్తి చేన్లల్ల గడ్డిమందు కొట్టుడు మొదలైనంక గునుగు గట్ల మీదికి, తొవ్వల పక్కకు పోయింది. చెల్కలేమో ప్లాట్లయితున్నయ్. ఇప్పుడు గింజ దాచిపెట్టినోళ్ల దగ్గరే పువ్వుంటది.

పేరు సంగతి అడిగినవ్ గదా. శాస్త్రం పేరు సెలోసియా అర్జెంటియా. 1753ల లిన్నేయస్ పెట్టిండు. సెలోసియా గ్రీకు మాట నుంచి వచ్చింది, కాలినది, మండుతున్నది అని అర్థం. అర్జెంటియా లాటిన్, అంటే వెండి లెక్క ఉన్నది. మంట పేరు ఎర్రగుండే సీతమ్మజడకు, కోడిజుట్టుకు నప్పుతది. అవి గూడ ఈ జాతివే, తోటకూర కుటుంబమే. మన గునుగుకు మాత్రం వెండి పేరే సరైంది.

ఆ వెండి ఏడికెల్లి వస్తదో ఒక కంకి చేతిల పట్టుకొని చూడు. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటయ్. కొనకున్నయి గులాబీ రంగుల ఉంటయ్, కిందికి దిగినకొద్ది రంగు పోయి తెల్లగ మెరుస్తయ్. ఒక్కో పువ్వుకు ఐదు రేకులు, కాయితం లెక్క ఎండుగ ఉంటయ్. అందుకే కోసినా వాడది. తెల్లబడ్డ పువ్వును గోరుతోని విప్పితె లోపల చిన్న కాయ ఉంటది. దాని మీది సగం మూత లెక్క ఊడొస్తది, లోపల నల్లగ నిగనిగలాడే సన్నగింజలు. అంటె తెలుపు ఎంత పైకి ఎక్కితె గింజ అంత ముదిరినట్టు. పండుగకు కోసేటప్పుడైనా, గింజకు కోసేటప్పుడైనా గురుతు ఇదే.

ఇగ విత్తుడు. పూతకు రావాలంటె సుమారు రెండు, రెండున్నర నెలలు పడ్తది. ఆరుద్ర కార్తెల వాన పడి నేల తడిసినంక చల్లు. అధికమాసం వచ్చిన యేడు పండుగ వెనక్కి జరుగుతది, అప్పుడు పదిహేను ఇరవై రోజులు ఆగు. ఇంకా మంచిది, జాగను రెండు మడులు చేసి పది రోజుల తేడాతోని చల్లు, ఏదో ఒకటి అందుకుంటది. పదడుగుల మడికి మూడు వేళ్ల చిటికెడు గింజ చాలు, పిడికెడు పొడి ఇసుకల కలిపి చల్లు. ఉత్తగ చల్లితె ఒక్కదగ్గరే కుప్ప పడ్తది. మీద మట్టి కప్పకు, చేత్తోని అద్దు అంతే. లోతుల పడ్డ గింజ మొలవది. బకెట్ తోని నీళ్లు కుమ్మరియ్యకు, గింజ కొట్టుకపోతది.

నాలుగైదు ఆకులొచ్చినంక మొక్కకు మొక్కకు అడుగు ఎడం ఉంచి మిగిలినయి పీకు. పీకినయి పారెయ్యకు, లేత ఆకు ఉడికించి ఆ నీళ్లు వంపి పప్పుల వేసుకోవచ్చు. మందు కొట్టిన చేను పక్కన మొలిచిన ఆకు మాత్రం తినొద్దు. వేరే దగ్గర నాటాలంటె ఈ ఈడుల్నే నాటు. చిన్న డబ్బాల ఎక్కువ రోజులుంచితె వేర్లు చుట్టుకొని జానెడు కాకముందే పూతకొచ్చి ఆగిపోతది. జానెడైనంక కొన తుంచితె పక్క కొమ్మలొస్తయ్, కంకులు చిన్నగైనా ఎక్కువొస్తయ్. బతుకమ్మకు అవే ఒద్దికగ కూసుంటయ్. యూరియా జోలికి పోకు, ఆకు బలుస్తది తప్ప పువ్వు రాదు.

కొయ్యాల్సింది కంకి సగం తెల్లబడ్డప్పుడు, మంచు ఆరినంక. లేతది కోస్తె కొన వంగుతది, ముదిరింది కోస్తె రంగుల ముంచేటప్పుడు గింజ రాలుతది. ఆకు దూసి, తలలు సమానం చేసి, గుప్పెడు గుప్పెడు దారంతోని కట్టి, కాడలు ఒక్క తీరుగ కొయ్యి. రంగు కొంచెం నీళ్లల్ల చిక్కగ కలుపు. పల్చనైతె ఈ కాయితం రేకులకు పట్టది, జారిపోతది. తలలే ముంచి, విదిలించి, నీడకు ఆరబెట్టు. పసుపు నీళ్లల్ల ముంచినా మంచిగ పట్టుకుంటది, చెరువుకు గూడ మంచిది. కొన్ని కట్టలు మాత్రం రంగు లేకుంట ఉంచు. తంగేడు పక్కన ఆ తెలుపే నాకు అన్నిటికంటె అందం.

పది చెట్లు కొయ్యకుంట గింజకు వదులు. కంకి మొత్తం తెల్లబడ్డంక తెల్లగుడ్డ మీద తలకిందులు చేసి నలిచి చాటల చెరుగు. పొట్టు ఎగిరిపోతది, గింజ బరువుకు నిలుస్తది. ఎండబెట్టి సీసాల పెట్టు. ఆలస్యం చేస్తె రాలి, వచ్చే యేడు పక్కోళ్ల పల్లి చేన్ల గూడ మొలుస్తది, వాళ్లకు అది కలుపే.

మీ జాగ ఎర్ర చెల్కనా, నల్లరేగడా రాయలేదు నువ్వు. చెల్కైతె ఏం చెయ్యనక్కర లేదు. రేగడైతె జానెడు ఎత్తు కట్ట పోసి దాని మీదనే చల్లు, నీళ్లు నిలిస్తె మొక్క మొదలుకాడ మురిగి పడిపోతది. ఏ నేలో రాయి, గింజలు కవర్ల పెట్టి పంపుత.

నీ
నర్సింహ, దేవరకొండ