గణితం టైంటేబుల్‌లో ఆ ‘1’ ఎక్కడికి పోయింది?

సంపాదకులు గారికి,

ఇంజినీరింగ్ ప్రవేశాల కాలం వచ్చిందంటే కృత్రిమ మేధ, డేటా సైన్స్ సీట్లు ఎన్ని పెరిగాయి, ఏ కళాశాలకు ఎన్ని సెక్షన్లు వచ్చాయి అన్న లెక్కలే పత్రికల నిండా కనిపిస్తాయి. బాగా నడుస్తున్న కళాశాలలకు ఒక్కో బ్రాంచిలో ఉన్న సీట్ల పరిమితిని 2024-25 విద్యాసంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఎత్తివేశాక ఆ లెక్కలు ఇంకా పెద్దవయ్యాయి. ఆ సీట్లలో చేరే పిల్లలకు మొదటి ఏడాది గణితం చెప్పేవాళ్లు ఎందరున్నారన్న లెక్క మాత్రం ఎక్కడా కనబడదు. అనుబంధ ఇంజినీరింగ్ కళాశాలల్లో రెండు దశాబ్దాలకు పైగా గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా, ఈ విషయంలో ఒకే ఒక్క సంగతిని విశ్వవిద్యాలయాల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 నిబంధనల (ఆర్-22) సిలబస్ తెరిస్తే మొదటి సెమిస్టర్‌లో ‘మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్’ ఎదుట 3-1-0-4 అని ఉంటుంది. వారానికి మూడు పాఠాలు, ఒక ట్యుటోరియల్, ప్రయోగశాల లేదు, మొత్తం నాలుగు క్రెడిట్లు అని దాని అర్థం. రెండో సెమిస్టర్‌లోని అవకలన సమీకరణాలు, వెక్టర్ క్యాలిక్యులస్ పేపరుకూ అదే కేటాయింపు. సిలబస్ రాసిన పెద్దలు ఆ ‘1’ని ఊరికే పెట్టలేదు. ట్యుటోరియల్ అంటే పిల్లవాడు కలం పట్టి తానే లెక్క చేయాలి, వాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో అధ్యాపకుడు పక్కన నిలబడి చూడాలి. మన తరగతి గదుల్లో జరిగేది వేరు. అరవై మందినీ అలాగే కూర్చోబెట్టి నాలుగో పాఠం చెబుతారు. పరీక్షలు దగ్గరపడితే ఆ గంటలోనే ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’ బోర్డు మీద చేసిపెడతారు. నేనూ అదే చేశాను, కాదనను.

ఈ గంట మన పిల్లలకు మరీ అవసరం కావడానికి కారణం వాళ్లు వచ్చిన దారిలోనే ఉంది. ఈఏపీసెట్‌లో 160 మార్కులకు 80 గణితానివే. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయంలో, నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో, నాలుగు జవాబుల్లోంచి సరైనదాన్ని పట్టుకోవడంలో ఎంపీసీ పిల్లలు రెండేళ్ల పాటు ఆరితేరి వస్తారు. ఆ నేర్పును నేను తక్కువ చేయడం లేదు. కానీ జవాబు ఎదురుగా లేని లెక్కను తెల్లకాగితం మీద మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు, 900 పైన ఇంటర్ మార్కులున్న పిల్లవాడు కూడా మొదటి వాక్యం రాయలేక నా ముఖంలోకి చూసిన సందర్భాలు కోకొల్లలు. డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్ల సంగతి ఇంకొకటి: తోటివాళ్లు మొదటి ఏడాది చదివిన గణితం తమకూ వచ్చన్నట్టే పాఠాలు సాగుతుంటే, అడగడానికి మొహమాటపడి వెనక బెంచీల్లో ఉండిపోతారు.

ఒకసారి మూడో ఏడాది విద్యార్థి ఒకడు మెషీన్ లెర్నింగ్ నోట్సు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. పెద్ద డేటాను కొన్ని ముఖ్యమైన దిశలకు కుదించే ప్రిన్సిపల్ కాంపొనెంట్ విశ్లేషణలో వచ్చే ఐగెన్ విలువలు అతనికి మింగుడుపడలేదు. మొదటి సెమిస్టర్ గణితం (ఎం-1)లో నా దగ్గరే 3×3 మాత్రికలకు ఐగెన్ విలువలు కనుక్కుని మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రాడు! ఆ రెండూ ఒకటేనని చెబితే, “అవి ఇవేనా సార్?” అన్నాడు. తప్పు అతనిది కాదు. పద్ధతి నేర్పాను గానీ అది దేనికో మాట్లాడుకునే వ్యవధి ఆ నాలుగు గంటల్లో ఎన్నడూ చిక్కలేదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షకు 2024లో కొత్తగా చేర్చిన డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపరులో సంభావ్యత, గణాంకాలు, రేఖీయ బీజగణితం, కలన గణితం ముందు వరుసలో ఉన్నాయని ఆ సీట్ల కోసం పోటీపడే తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు?

ట్యుటోరియల్ నిజంగా నడిపితే ఖర్చు భరించలేమని యాజమాన్యాలు అంటాయి. లెక్క వేసి చూద్దాం. అరవై మంది సెక్షన్‌ను ఇరవై మంది చొప్పున మూడు బ్యాచిలు చేస్తే, మూడు పాఠాలు, మూడు ట్యుటోరియల్స్ కలిసి వారానికి ఆరు గంటలు, ఇప్పుడవుతున్నది నాలుగు. మొదటి ఏడాదిలో పది సెక్షన్లున్న కళాశాలకు 40 గంటల బదులు 60 గంటలు కావాలి. సహాయ ఆచార్యుడికి వారానికి 16 గంటల బోధన చొప్పున చూస్తే ఇప్పుడు ముగ్గురు కావాలి, అప్పుడు నలుగురు. అంటే 600 మంది పిల్లల కోసం అదనంగా ఒకే ఒక్క అధ్యాపకుడు. ప్రయోగశాలలకు సెక్షన్లను బ్యాచిలుగా విడగొట్టడంలో ఎవరికీ రాని ఇబ్బంది గణితం దగ్గరే ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు. యూట్యూబ్‌లో మంచి పాఠాలు ఉన్న మాట నిజమే గానీ, పిల్లవాడి నోటుపుస్తకంలో తప్పిన మైనస్ గుర్తును ఆ వీడియో చూడలేదు.

అసలు చిక్కు గణిత విభాగానికి ఉన్న స్థానంలో ఉంది. చాలా కళాశాలల్లో దానికి విడిగా ఉనికే లేదు. భౌతిక, రసాయన శాస్త్రాలు, ఇంగ్లిష్‌తో కలిపి ‘హెచ్ అండ్ ఎస్’ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) అనే ఒకే గొడుగు కింద ఉంటుంది. నేను పనిచేసిన ఒకచోట వేసవి రాగానే ఆ గొడుగు కింది వాళ్లమంతా ఇంటర్ పిల్లల చిరునామాలు పట్టుకుని అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాల్సి వచ్చేది. సాంకేతిక విద్యాలయంలో గణితం చెప్పడం అంటే ఏదో పక్కపని అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. 1858లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో కలన గణితం మొదటి పాఠాలు చెప్పాల్సి వచ్చిన జర్మన్ గణితవేత్త డెడెకిండ్, తాను చెబుతున్నదానికి గట్టి పునాది లేదని అక్కడే గ్రహించి, ఆ నవంబరులోనే వాస్తవ సంఖ్యలకు నిర్వచనం కనుగొన్నాడు, 1872లో ప్రచురించాడు. ఇంజినీర్లు కాబోయే పిల్లలకు పాఠం చెప్పే అవసరం నుంచి పుట్టిన గణితమది.

అనుబంధ కళాశాలలకు సిలబస్ నిర్ణయించేదీ, ప్రశ్నపత్రం పంపేదీ విశ్వవిద్యాలయమే కాబట్టి మార్పు కూడా అక్కడే మొదలుకావాలి. విశ్వవిద్యాలయ గణిత విభాగాల్లోని శాశ్వత ఖాళీలు ముందు నింపాలి. ఇంకొకటి పైసా ఖర్చు లేనిది. ఏటా అనుబంధ గుర్తింపు కోసం కళాశాలలకు వచ్చే నిజనిర్ధారణ కమిటీ ప్రయోగశాలల్లో కంప్యూటర్లు లెక్కపెడుతుంది, అధ్యాపకుల ధ్రువపత్రాలు చూస్తుంది. మొదటి ఏడాది టైంటేబుల్ కూడా తెప్పించుకుని, గణితం ట్యుటోరియల్ ఏ రోజు, ఏ గదిలో, ఎవరి ఆధ్వర్యంలో, ఎంతమందితో జరుగుతోందో అడిగి తన నివేదికలో రాయాలని, ఆ నివేదికను విద్యార్థుల తల్లిదండ్రులకు అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
కాకినాడ