ఈ బొమ్మలకీ ఓ గోడ ఇప్పించండి
భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ వైపు ఎప్పుడైనా వచ్చారా అండీ? మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో గొంతుక్కూర్చుని కామిక్స్ ఏరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆమధ్య ఓ పాత చందమామ దొరికింది. లోపల శంకర్ గారి బొమ్మ: భుజాన శవం, చేతిలో కత్తి, విక్రమార్కుడు. ఆ రాజుకి ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో మీసాలు మెలితిప్పి, కింద ‘ఈ పుస్తకం కొట్టేసినవాడి కళ్లు పోతాయి’ అని రాసుకున్నాడు. బొమ్మ ఎంత ముద్దొచ్చిందో ఆ శాపమూ అంతే.

నేనడిగేది ఇదే. రవీంద్రభారతిలోనో, మాదాపూర్ స్టేట్ గ్యాలరీలోనో ఒక పదిరోజులు కామిక్స్ బొమ్మలకీ, వాటి పిచ్చోళ్లకీ చోటివ్వండి. 1947 జులైలో మొదలైన చందమామ, అందులోని వడ్డాది పాపయ్య గారి అట్టలు, 1967 నాటి నుంచి వస్తున్న అమర్ చిత్రకథ ఒక పక్క. అభిమానులు కుట్టించుకున్న బైండ్లు, అట్టముక్కలతో చేసుకున్న కవచాలు, ఇప్పటి కుర్రాళ్లు ట్యాబ్ మీద గీస్తున్న తెలుగు కామిక్స్ ఇంకో పక్క.

ఒక ప్రైవేటు గ్యాలరీలో అడిగితే ‘పిల్లల బొమ్మలు కదా’ అని నవ్వేశారు. పోనీండి.

లైట్లు మాత్రం తగ్గించి పెట్టించండి, పాత కాగితం వెలుతురుకి పసుపెక్కిపోతుంది. నా చందమామ నేనే తెచ్చిస్తాను. మీసాలు చెరపనని మాటివ్వాలి.

ఇట్లు,
ఓ ఆబిడ్స్ ఆదివారం మనిషి